గిన్నె మారిస్తే చాలు

మేడమీది గది,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నా రాతకూ తప్పులకూ ఏమీ అనుకోకు. బడి మానేసి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. నా అక్షరాలు ఇప్పటికీ ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ నడుస్తాయి. ఎక్కడైనా ఒత్తు మర్చిపోతే నువ్వే పెట్టుకుని చదువుకో. ఆయన కలంతో రాస్తున్నాను, అది కాగితాన్ని గీరుతోంది. ఆయన నిద్రపోతున్నారు.

కొత్త కాపురంలో నోరు విప్పి ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అని అడిగావు. నాకు సందు దొరకడం లేదక్కా. ఇక్కడి మాటలన్నీ ఒక్కరే గుత్తకు తీసుకున్నారు.

ఆ ఒక్కరు మీ మరిది గారి ఆఫీసులో పెద్ద. ప్రతి శనివారం సాయంత్రం ఆయనా, మందుల షాపాయనా, ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరూ, మేమూ, అందరం జంటలుగా కలిసి హోటల్‌కి భోజనానికి వెళ్తాం. వారానికో కొత్త హోటల్. ఆ పెద్దాయన నోట్లో ముద్ద పెట్టుకున్నప్పుడల్లా గొంతు సవరించుకుని, నా నాలుక అబద్ధం చెప్పదు అంటాడు. అందుకని నేను ఆయనకి నాలుకాయన అని పేరు పెట్టుకున్నాను. మనసులోనే, భయపడకు.

నాలుకాయన బాగుందంటే అందరికీ బాగుంటుంది. బాగాలేదంటే అప్పటిదాకా లొట్టలేస్తున్న వాళ్ళు కూడా చెయ్యి వెనక్కి తీసుకుంటారు. మందుల షాపాయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా, ఆయన మొహం వంక చూస్తాడు. నమలాలో ఉమ్మాలో అక్కడ తేలాలి. కాంట్రాక్టరు ముందు నవ్వేసి తర్వాత జోకు చెప్తాడు. ఆడవాళ్ళు నా చెప్పుల్ని చూసి నాతో మాట్లాడతారు.

వీళ్ళకొక పద్ధతి ఉంది. వారానికొకరి వంతు. వంతు వచ్చిన మనిషి బల్ల మీద ఉన్నవాటిలో దేనికో ఒకదానికి వంక పెట్టి, సర్వరును పిలిచి, వంటింట్లోకి తిప్పి పంపాలి. బాగున్నా సరే పంపాలి. పంపకపోతే హోటల్ వాళ్ళు మనల్ని గాలికి వచ్చిన వాళ్ళనుకుంటారట. సరిచేసి మళ్ళీ తెచ్చాక అందరూ రుచి చూసి, అడిగితే గానీ సరిగ్గా చెయ్యరు వీళ్ళు అని తలలూపుకుంటారు. నిన్న మందుల షాపాయన వంతు. ఉడికించిన బఠాణీలు పంపాడు, గట్టిగా ఉన్నాయట. అవి వెన్నలా ఉన్నాయక్కా. నేను తిన్నాను.

బయలుదేరే ముందు మీ మరిది గారు నాకు పాఠం చెప్పి తీసుకెళ్తారు. ఎవరైనా ఎలా ఉందని అడిగితే చాలా బాగుందండీ అనాలి. నాలుకాయన అడిగితే మాత్రం మీరే చెప్పాలండీ అనాలి. మూడో మాట అక్కర్లేదు.

బావ ఎలా ఉన్నారు? కుట్టుపని బాగా వస్తోందా? ఆఫీసు పెద్ద గురించి ఇలా రాశానని మీ మరిది గారికి తెలిస్తే ఇంట్లో రగడవుతుంది. చదివి కాల్చెయ్యి.

నీ చెల్లి


కుట్టుమిషను పక్కన,
గురువారం

చెల్లీ,

నీ రాతకేమమ్మా, నాకు బాగానే అర్థమయింది. నువ్వు నోటితో మాట్లాడేటప్పుడే సగం మింగేస్తావు. కాగితం మీదైతే మొత్తం కక్కుతావు. రాస్తూ ఉండు.

నాలుకాయన అన్న చోట నాకు నవ్వాగలేదు. పాప పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. అంత పెద్ద నాలుక పెట్టుకుని ఇంట్లో ఏం తింటాడో కనుక్కో. ఇలాంటి వాళ్ళు ఇంట్లో నోరెత్తరు. వాళ్ళ ఆవిడ పెట్టింది పెట్టినట్టు తిని, ఆ కసి బయట తీర్చుకుంటారు.

ఒక్కటి అడుగుతాను. ఆ బఠాణీలు మోసుకెళ్ళిన సర్వరు మొహం చూశావా? లోపలికి వెళ్ళి ఎవరి పేరు చెప్పి ఉంటాడు? మెత్తగా ఉడికించిన మనిషి ఏమనుకుని ఉంటుంది? మీ బల్ల దగ్గర ఎవరికీ ఆ ఊహ రాదు కాబోలు. నీకైనా రానీ.

బావ బాగానే ఉన్నారు. కుట్టుపని ఎప్పట్లాగే. నా మణికట్టు ఇస్త్రీ పెట్టె తగిలి కాలింది, అందుకని ఎక్కువ రాయలేను.

నీ ఉత్తరం కాల్చాను.

అక్క


మేడమీది గది,
మంగళవారం, ఆయన ఆఫీసుకు వెళ్ళాక

అక్కకు,

తప్పులుంటే మన్నించు, ఈసారి నవ్వుతూ రాస్తున్నాను. నవ్వకూడదేమో కూడా తెలియదు.

పోయిన శనివారం మీ మరిది గారి వంతు. ఆయనకి ఇదే మొదటిసారి. ఆ వారమంతా ఇంట్లో తాలీము చేశారు. గోడకున్న అద్దం ముందు కుర్చీ వేసుకుని, ఖాళీ పళ్ళెం పెట్టుకుని, రెండు వేళ్ళతో పళ్ళాన్ని అవతలికి నెట్టడం నేర్చుకున్నారు. మొత్తం చేత్తో నెడితే మోటుగా ఉంటుందట, నాలుకాయన రెండు వేళ్ళతోనే నెడతాడట. వేళ్ళు కుదిరాక, మాట కుదరాలని, నిజంగానే నా వంట మీద మొదలుపెట్టారు. నేను చేప చేసి పెట్టాను. ఆయన రెండు వేళ్ళతో నెట్టి, "ఇది తీసుకెళ్ళు. లోపల పచ్చిగా ఉంది" అన్నారు.

పచ్చిగా లేదక్కా. ఇంట్లో ఇంకో చేప కూడా లేదు. నేను లోపలికి వెళ్ళి, ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడి, అదే ముక్కని నీలం అంచు పళ్ళెంలోకి మార్చి, మీద కాస్త ఆకు తురిమి పట్టుకొచ్చాను. ఆయన తిని, కళ్ళు మూసుకుని, "చూశావా. చెప్తే గానీ కుదరదు" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

హోటల్లో కూడా చేపనే పంపారు. ఇంకేదైనా అయితే మాట తడబడుతుందని భయం. నాలుకాయన ఆయన భుజం తట్టాడు. ఆ తట్టిన భుజాన్ని ఇంటికి వచ్చేదాకా కదపలేదు.

నువ్వడిగావని ఈసారి సర్వరు మొహం చూశాను. ముసలాయన. పళ్ళెం తీసుకునేటప్పుడు చేప మీదికి కాకుండా మీ మరిది గారి మొహంలోకి చూశాడు, పిల్లాడు చొక్కా తిరగేసి వేసుకుంటే చూస్తామే, అలాగ. చేప మళ్ళీ వచ్చింది. అందరూ ఇప్పుడు బాగుందన్నారు. నాకు నా నీలం అంచు పళ్ళెం గుర్తొచ్చింది.

ఇది తప్పకుండా కాల్చెయ్యి. కాలిన చెయ్యి మానిందా?

నీ చెల్లి


కుట్టుమిషను పక్కన,
శుక్రవారం

చెల్లీ,

నీలం అంచు పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి నేను నేల మీద కూర్చుండిపోయాను. పిచ్చిదానా, నువ్వు కనిపెట్టానని అనుకుంటున్నావు గానీ మేం రోజూ చేసేది అదే. వేడి కూడా చెయ్యం. గిన్నె మార్చి, అంచు తుడిచి, కాసేపు ఆగి పంపిస్తాం. ఆగడం ముఖ్యం. వెంటనే పంపితే నమ్మరు.

మేం అని రాసేశాను. కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే నువ్వు దాని కింద ఇంకా పెద్దది ఊహించుకుంటావు. కాబట్టి విను.

బావ బాగానే ఉన్నారని రాశాను. బాగాలేరు. గోదాములో బస్తా మీద పడి కాలు విరిగింది. ఇంకా మంచం మీదే ఉన్నారు. కుట్టుపని ఒక్కదానితో గడవక, మా ఊళ్ళో వంతెన పక్కనున్న హోటల్ వంటింట్లో చేరాను. మొదట అంట్లు తోమడం. సోడా నీళ్ళలో నాని నాని చేతులు పగిలి, సూది పట్టుకుంటే రక్తం వచ్చేది, కుట్టుపనీ పోయింది. తర్వాత పొయ్యి దగ్గర నిలబెట్టారు. చేపా, కూరలూ నావి. మణికట్టు మీద కాలింది ఇస్త్రీ పెట్టెతో కాదు, నూనెతో. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. నీ మొగుడికి నా గురించి మా వదిన గారు బట్టల దుకాణం నడుపుతారని చెప్పుకునే అలవాటుందని విన్నాను. అందుకని ఊరుకున్నాను.

మా యజమానిని అందరం పెద్దగరిటె అంటాం. మా వంటింట్లో ఎవరి గరిటె వాళ్ళది. ఎవరు చేసింది తిరిగొస్తే వాళ్ళ గరిటె తీసుకుని తలుపు పక్క మేకుకు తగిలిస్తాడు, అందరికీ కనపడేలా. ఆ రోజంతా ఆ మనిషి అంట్లు తోమాలి. రెండోసారి తగిలిస్తే ఇక పొయ్యి దగ్గరికి రానక్కర్లేదు, శాశ్వతంగా తొట్టి దగ్గరే. నాది ఒకసారి తగిలించారు. ఎవడో మీ నాలుకాయన లాంటివాడు కూర రంగు నచ్చలేదన్నాడు. ఇంకొక్కసారి తిరిగొస్తే పొయ్యి పోతుంది.

నవ్వకు గానీ, ఆ పొయ్యి అంటే నాకు ప్రాణం. దాని ముందు నిలబడితే ఎవరూ నన్ను పక్కకి జరగమనరు. నా బతుకులో అలాంటి చోటు ఇంకోటి లేదు.

నీ ఉత్తరం కాల్చాను. ఇది నువ్వు కాల్చు. మరిది గారికి చెప్పకు.

అక్క


మేడమీది గది,
సోమవారం

అక్కకు,

అక్షరాలు చెరిగిపోయిన చోట తడి చెయ్యి పడింది, ఏమీ అనుకోకు. బావ సంగతి నాకెందుకు చెప్పలేదు? పోనీ, నేను మాత్రం నీకు ఏం పనికొస్తాను? శనివారాల్లో బల్ల ముందు బొమ్మలా కూర్చుని వస్తున్నాను.

ఇంకో సంగతి రాయక తప్పదు. మా ఊళ్ళో హోటళ్ళు అయిపోయాయి. కొన్ని చోట్ల మేం లోపలికి అడుగు పెట్టగానే సర్వర్లు ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. నాలుకాయన దాన్ని గౌరవం అంటాడు. ఇక ఈ ఊరికి మన స్థాయి లేదని తేల్చి, వ్యాను మాట్లాడాడు. వచ్చే శనివారం మీ ఊరు వస్తున్నాం. వంతెన పక్క హోటల్‌కే. చేపలకి పేరట.

ఆ రోజు వంతు నాది.

నాకు జ్వరం వస్తుందని ఇప్పటినుంచే చెప్పి చూశాను. నేను రాకపోతే నా వంతు తను తీసుకుంటానన్నారు మీ మరిది గారు. ఆయనకి తిప్పి పంపడం వచ్చింది ఒక్క చేపనే. ఈసారికి వంతు లేకుండా తిందామండీ అని అడిగాను. ఆయన నన్ను అరటితొక్కని చూసినట్టు చూసి, "నీ వల్ల నేను వాళ్ళ ముందు తల ఎత్తుకోలేను. ఒక్క పళ్ళెం నెట్టడం కూడా రాదా నీకు" అన్నారు. రాదని నేను అనలేదు. ఎవరి చేతి వంట నెట్టాలో అడగాలనిపించింది, అదీ అనలేదు.

కాబట్టి నేనే రావాలి, నేనే పంపాలి. ఆ బల్ల మీదికి వచ్చేవాటిలో నువ్వు చెయ్యనిది ఏదో వెంటనే రాయి. ఇంకొకరి గరిటె మేకెక్కడం కూడా నాకిష్టం లేదు. కానీ నీది ఎక్కకూడదు.

కాల్చెయ్యి.

నీ చెల్లి


వంటింటి వెనక గట్టు మీద,
బుధవారం

చెల్లీ,

పని మధ్యలో రాస్తున్నాను. సూపు పంపు. సూపు పెద్దగరిటె స్వయంగా చేస్తాడు, ఇంకెవర్నీ దాని మూత కూడా తియ్యనివ్వడు. ఆయన గరిటెకి మేకు లేదు. తిరిగొస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ రాలేదు. ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు.

చేప జోలికి ఎవర్నీ పోనివ్వకు.

లోపలికి రాకు. గిన్నెలు అందించే కిటికీ వైపు చూడకు. వంటింట్లో పనిచేసే మనిషి నీకు అక్కని మీ వాళ్ళకి తెలిస్తే నీ శనివారాలు ఇంకా అన్యాయంగా ఉంటాయి. భోజనం చేసి వెళ్ళిపో. నువ్వొచ్చావని నాకు తెలుస్తుంది, అది చాలు.

అక్క


మేడమీది గది,
ఆదివారం

అక్కకు,

నా రాత ఈసారి మరీ అధ్వానం, ఏమీ అనుకోకు.

వ్యానులో దారి పొడుగునా నాలుకాయన చేపల గురించే చెప్పాడు. ఆ మాటలు వింటే చేపలే సిగ్గుపడి గట్టెక్కేస్తాయి. మీ హోటల్లో కిటికీ పక్క బల్ల ఇచ్చారు. కింద నీళ్ళు, పైన వంతెన. చూడొద్దన్నావు గానీ చూశాను. గిన్నెలు అందించే కిటికీలో ఒక చెయ్యి కనపడింది, మణికట్టు మీద మచ్చ. అది పళ్ళెం పెట్టి, అంచు తుడిచి, వెనక్కి వెళ్ళిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ మరిది గారు కారంగా ఉందా అని అడిగారు. అప్పటికి ఇంకా ఏమీ తినలేదు.

ముందు సూపు వచ్చింది. నాలుకాయన చెంచాడు తాగి, గొంతు సవరించుకుని, సూపంటే ఇదీ అన్నాడు. అందరూ సూపంటే ఇదీ అన్నారు. నేను తాగాను. ఉప్పు కషాయం అక్కా. నాలుక మీద గడ్డ కట్టినట్టుంది. నేను అబద్ధం వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. తర్వాత నీ చేప వచ్చింది. దాని గురించి నీకు నేనేం చెప్పను. మన ఇంటి వాసన వచ్చింది.

నాలుకాయన నా వైపు తిరిగి, "ఊఁ, అమ్మాయీ, కానివ్వు" అన్నాడు. అందరూ చెంచాలు దించి, ఆట చూడటానికి కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను సర్వరును పిలిచాను. పిలుపు నాకే వినపడలేదు, రెండోసారి పిలిచాను. సూపు గిన్నె నెట్టాను. రెండు వేళ్ళు మర్చిపోయి మొత్తం చేత్తో నెట్టాను. నాలుకాయన మొహం మాడిపోయింది, సూపు ఆయన మెచ్చుకున్నది కదా. "దాన్లో ఏముందమ్మా, చేప చూడు, తప్పులన్నీ చేపలోనే ఉంటాయి" అన్నాడు. బల్ల కింద మీ మరిది గారు నా కాలు తొక్కారు. నేను సూపేనండీ అన్నాను.

బల్ల మీది సూపంతా లోపలికి వెళ్ళింది. కాసేపాగి వేరే గిన్నెల్లో వచ్చింది. నాలుకాయన తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఇందాకటి దానికీ దీనికీ పోలికే లేదు. అమ్మాయికి నాలుకుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టరు భార్య మొదటిసారి నా మొహం చూసి నవ్వింది. మీ మరిది గారైతే ఆఫీసులో పెద్ద కుర్చీ దొరికినట్టు విచ్చుకుపోయారు. నేను ఒక చెంచా తాగాను. అదే ఉప్పు.

నేను అక్కడితో ఊరుకునేదాన్ని. నీ పొయ్యి నిలబడింది, నాకు కావలసింది అంతే. కానీ నాలుకాయనకి ఉత్సాహం వచ్చింది. ఇంత దూరం వచ్చాం కాబట్టి ఇంకోటి పంపుదాం, చేప కూడా పోనివ్వండి అన్నాడు. మందుల షాపాయన అప్పుడే పళ్ళెం ఎత్తి సర్వరు చేతికి ఇవ్వబోతున్నాడు.

ఏం చెయ్యను. లేచి నిలబడ్డాను. ఆ బల్ల దగ్గర నేనెప్పుడూ లేవలేదు. "చేప అక్కడ పెట్టండి. ఈ సూపు మళ్ళీ తీసుకెళ్ళండి. ఇది ఇందాకటిదే, గిన్నె మార్చారు" అన్నాను.

ఒకసారి పంపింది రెండోసారి పంపకూడదని వాళ్ళ పద్ధతి.  సర్వరు గిన్నెలు బల్ల మీదే వదిలి లోపలికి వెళ్ళాడు. మీ పెద్దగరిటె వచ్చాడు. తలుపంత మనిషి అని నువ్వు రాయలేదు. బల్ల దగ్గర నిలబడి, చేతులు తుడుచుకుంటూ, సూపు ఎవరికి నచ్చలేదండీ అని మెల్లగా అడిగాడు.

సర్వర్ల మీద గాండ్రించే వాళ్ళందరూ ఎలా అయిపోయారో నువ్వు చూడాల్సింది. నాలుకాయన గొంతు సవరించుకున్నాడు. తర్వాత, అద్భుతంగా ఉందండీ, అని గిన్నె ఎత్తి తాగేశాడు. అది చూసి అందరూ తాగారు. పెద్దగరిటె కదల్లేదు. అడుగు కనపడే దాకా నిలబడ్డాడు. అంత మంది పెద్దవాళ్ళు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, ఆ ఉప్పు నీళ్ళని చెంచాలతో గీకి గీకి తాగారు. ఆడవాళ్ళు కూడా. నేను ఒక్కదాన్ని చెంచా కింద పెట్టి కూర్చున్నాను. చేప ఎలా ఉందని కూడా అడిగాడు. ముళ్ళు తప్ప మిగల్చలేదు.

మీ మరిది గారు ఏమీ అనలేదు. తాగారు, అంతే.

నీ గరిటె సంగతి వెంటనే రాయి. కాల్చెయ్యి.

నీ చెల్లి


కుట్టుమిషను పక్కన,
గురువారం

చెల్లీ,

నా గరిటె నా దగ్గరే ఉంది. అవతల గదిలో జరిగింది నువ్వు రాశావు, ఇవతల జరిగింది నేను రాస్తాను.

ఆ రోజు పెద్దగరిటె కూరగాయల వాడి మీద అరుస్తూ ఉప్పు రెండుసార్లు వేశాడు. మేం అందరం చూశాం, ఎవరం నోరెత్తలేదు. మీ నాలుకాయనని ఎంతైనా తిట్టుకో గానీ, మా వంటింట్లో కూడా అంతే ధైర్యం. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు ఆయన ఒక చెంచా తాగి, తన చేత్తోనే గిన్నెలు మార్చాడు. ఆయన ఆగమన్నంత సేపు ఆగి సర్వరు పట్టుకెళ్ళాడు. రెండోసారి వచ్చేసరికి సర్వరు ఖాళీ చేతులతో గుమ్మంలోనే నిలబడి సంగతి చెప్పాడు పాపం. పెద్దగరిటె నడుం గుడ్డ విప్పి బయటికి వెళ్ళాడు. మేమంతా కిటికీకి అతుక్కుపోయాం.

తిరిగొచ్చాక నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తర్వాత నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. "గాడిదలకి పోసినా మూతి తిప్పుకునేవి. వీళ్ళు గిన్నెలు నాకారు" అన్నాడు. అని తన గరిటె తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు. ఎవరూ అటు చూసే సాహసం చెయ్యలేదు. చెంచా కింద పెట్టిన ఆ పిల్ల ఎవరో అన్నాడు తనలో తనే. మా చెల్లెలండీ, అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, సూపు కూడా రేపటినుంచి నువ్వే చూడు, అన్నాడు. హోటల్ మూసే వేళకి తన గరిటె తీసి గుడ్డలో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. మర్నాడు మామూలుగానే అందరి మీదా అరిచాడు. మారిపోయాడనుకోకు.

ఇక నీ సంగతి. మరిది గారు ఏమీ అనలేదని రాశావు. నేను కిటికీ దగ్గరే ఉన్నానని చెప్పాను కదా. పెద్దగరిటె రాగానే అందరికంటే ముందు లేచింది మీ ఆయనే. "దానికేం తెలియదండీ, చదువూ సంధ్యా లేని మనిషి, ఇలాంటి చోట్లకి తేవడమే నా తప్పు" అన్నాడు. నీ వీపు చూశాను. కదల్లేదు. నాకు చేతిలో వేడి గరిటె ఉంది, దేవుడు కాపాడాడు అతన్ని.

నా దగ్గర దాచకు. నేను నీ దగ్గర దాచి ఏం బావుకున్నాను?

అక్క


మేడమీది గది,
మంగళవారం

అక్కకు,

తప్పులుంటే దిద్దుకో. ఇక మన్నించమని అడగను, దిద్దుకుని చదువుకో, చాలు.

అన్నారు, నిజమే. రాస్తే నిజమైపోతుందని రాయలేదు. వ్యానులో తిరుగు దారిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. నీళ్ళ సీసా మాత్రం చేతులు మారుతూనే ఉంది. దారిలో ఎక్కడ కొట్టు కనపడితే అక్కడ వ్యాను ఆపి నీళ్ళు కొనుక్కున్నారు. సూపు వల్ల దాహమేస్తోందని మాత్రం ఒక్కరూ అనలేదు. గాలి పొడిగా ఉందట.

ఇంటికి వచ్చాక ఆయన కొన్నాళ్ళు మాట మానేశారు. నాకు ప్రాణం హాయిగా ఉంది. తర్వాత ఒకరోజు తానే, ఆ సూపులో నిజంగానే ఉప్పెక్కువైందా అని అడిగారు. అక్కా, ఆ మాట విన్నాక నాకు కోపం కూడా పోయింది. ఆయన తాగారు, అడుగు దాకా తాగారు, అయినా ఆయనకి తెలియదు. ఇంకొకరు చెప్పాలి. ఇన్నాళ్ళూ నేను ఈ మనిషికి భయపడ్డాను.

మా అక్క ఆ వంటింట్లోనే పని చేస్తోంది, మీరు తిన్న చేప ఆమె చేసిందే, అని చెప్పేశాను. బావ కాలు సంగతి కూడా చెప్పాను. ఆయన కాస్త ఆలోచించి, "ఆఫీసులో ఎవరికీ తెలియకూడదు" అన్నారు. బావ ఎలా ఉన్నారని ఒక్క మాట అడగలేదు. నేను సరేనండీ అని, ఆయన వద్దన్న కూర తీసుకెళ్ళి, నీలం అంచు పళ్ళెంలో పెట్టి తెచ్చాను. తిన్నారు. బాగుందన్నారు. ఇప్పుడు రోజూ అదే పని. ఒక్కోసారి పళ్ళెం కూడా మార్చను, గోడ అవతల కాసేపు నిలబడి వస్తాను.

అసలు సంగతి విను. నాలుకాయన ఇప్పుడు ఊరంతా ఆ సూపు గురించే చెప్తున్నాడు. అలాంటి సూపు తన జన్మలో తాగలేదట. అంతగా నచ్చిందని యజమానే వచ్చి బల్ల దగ్గర నిలబడి తాగించాడట. మందుల షాపాయన అవునవును అంటున్నాడు. కాంట్రాక్టరు నవ్వుతున్నాడు. కొన్నాళ్ళు పోతే నేనే ఆ సూపు మెచ్చుకున్నానని చెప్తారు. వచ్చే నెల మళ్ళీ వ్యాను మాట్లాడారు, దాని కోసమే. నన్ను వదిలేసి వెళ్దామనుకున్నారు గానీ, అమ్మాయికి నాలుకుందని నాలుకాయన ఒకసారి అన్నాడు కదా, ఆయన అన్నమాట వెనక్కి తీసుకోలేడు. నేనూ వస్తున్నాను. ఈసారి నీ కిటికీ దగ్గరికి వస్తాను, నువ్వు వద్దన్నా సరే. ఎవరు చూసినా సరే.

వంతు మీ మరిది గారిది. చేప పంపరు, భయపడకు. నువ్వున్నావని తెలుసు, చేప మీద చెయ్యి వేస్తే నేను లేస్తానని కూడా తెలుసు. కానీ సూపు ఇప్పుడు నీదే కదా. నువ్వు దాన్ని సరిగ్గా చేస్తావు, వాళ్ళకి పోయినసారి రుచి లేదనిపిస్తుంది, అందరూ కలిసి తిప్పి పంపుతారు. అందుకని మా బల్లకి వేరే చిన్న గిన్నెలో కాచు. ఉప్పు గుప్పిట్లో ఎంత పడితే అంత వెయ్యి, ఆ మీద ఇంకో గుప్పెడు. పొంగిపోతారు. నా గిన్నెలోకి మాత్రం పెద్ద గిన్నెలోది వడ్డించు, బావకి పెట్టేలాంటిది.

ఈ ఉత్తరం మాత్రం కాల్చడం మర్చిపోకు. నిప్పు కోసం ఎవర్నీ అడగక్కర్లేదు కదా ఇప్పుడు, పొయ్యి నీదే.

నీ చెల్లి